ఎర్ర ట్యాగ్ కట్టిన ఇనుప ముద్ద

మొన్న, తలా ఒక వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో, ప్లేట్లో పులిహోర పెట్టుకుంటూ ఒక కుర్ర ఇంజనీర్ అడిగాడు: "అంకుల్, మీ కెరీర్‌లో బిగ్గెస్ట్ మిస్టేక్ ఏంటి?" ఇంటర్వ్యూకి ప్రిపేర్ అవుతున్నాడట. అలాంటి ప్రశ్నకు ఏం చెప్పాలో నాకు తెలుసు. తప్పులా వినిపించే గొప్ప ఒకటి చెప్పుకోవాలి. అదే చెప్పి తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. అతనికి చెప్పని జవాబు ఇది. నాయనా, నువ్వు ఇది చదువుతున్నట్టయితే, ఇంటర్వ్యూలో మాత్రం చెప్పకు.

ఇరవై ఏళ్లకు పైగా నేను డెట్రాయిట్ పక్కనున్న నోవైలో, కార్ల విడిభాగాలు పరీక్షించే ఒక ల్యాబ్‌లో పనిచేశాను. ఫౌండ్రీల్లో పోతపోసిన భాగాలు మా దగ్గరికి వచ్చేవి. వాటిని ఎక్స్‌రే యంత్రంలో పెట్టి లోపల ఏముందో చూడటం నా పని. గాలిబుడగ కానీ, పగులు కానీ, చెత్త కానీ కనిపిస్తే ఎర్ర ట్యాగ్ కట్టి, దాని మీద నా పేరు పొడి అక్షరాలు రాసి, ఎడమవైపు అరలో పెట్టేవాణ్ణి. సాయంత్రం టెక్నీషియన్ ఆ అర ఖాళీ చేసి అంతా స్క్రాప్ బిన్‌లో వేసేవాడు. శుక్రవారం పొద్దున లారీ వచ్చి బిన్ తీసుకుపోయేది. ఆ తర్వాత కొలిమే. ఈ చూపు ఇంటిదాకా వచ్చింది. మా ఆవిడ నన్ను కూరగాయలకు తీసుకెళ్లడం మానేసింది. ఒక్క వంకాయ కూడా నా దగ్గర పాసయ్యేది కాదు మరి.

ఆ టెక్నీషియన్ గురించి చెప్పాలి. నాకంటే నాలుగేళ్లు పెద్ద. మిషిగన్ రాష్ట్రం ఉత్తరాన, సరస్సుల మీది పెద్ద వంతెన దాటాక వచ్చే ఇనుప గనుల ఊరు ఆయనది. తాత, తండ్రి ఇద్దరూ గనిలో దిగినవాళ్లే. చదువు హైస్కూల్‌తో ఆగింది కానీ, ముక్క చేతిలో పట్టుకుని తూకం చూసి "ఇది బోలు" అంటే బోలే. నేను పెద్ద యంత్రంలో పెట్టి అదే మాట మళ్లీ చెప్పేవాణ్ణి. మా ఇంటి గరాజ్ తలుపు పాడైతే ఆదివారం పూట వచ్చి బాగుచేసి, మా ఆవిడ పెట్టిన పెసరట్టు మూడు తిని వెళ్లాడు. మేమిద్దరం పదిహేనేళ్లు ఒకే గదిలో పనిచేశాం.

2008 చివర మొదలైన ఆ చలికాలంలో మీలో చాలామంది ఇంకా కాలేజీలో ఉండి ఉంటారు. డెట్రాయిట్ చుట్టుపక్కల మాత్రం ఎవరి మొహం చూసినా భయమే. ప్లాంట్లు వారాల తరబడి మూసేశారు. మా యంత్రంలోకి పెట్టడానికి భాగాలే లేవు. లేఆఫ్ లిస్ట్ తయారవుతోందని అందరికీ తెలుసు, అందులో ఎవరున్నారో తెలియదు. యంత్రం ఖాళీగా కనిపిస్తే పైవాళ్లు దాన్నీ మమ్మల్నీ కలిపి అమ్మేస్తారని మా మేనేజర్ బయటి పని ఏదొచ్చినా ఒప్పుకోవడం మొదలుపెట్టాడు.

అలా జనవరిలో ఒక ప్రొఫెసరమ్మ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. బూట్ల నిండా మంచు, చేతిలో ఒక చెక్కపెట్టె. యూనివర్సిటీలో పురావస్తు శాఖ ఆవిడది. మధ్యయుగాల్లో ఉత్తర సముద్రాల్లో మునిగిన ఓడల మీద పరిశోధన. పెట్టె తెరిస్తే, మెత్తటి ఫోమ్‌లో చెక్కిన ఆరు గుంటల్లో ఆరు ముద్దలు. బూజు పట్టిన బెల్లం దిమ్మల్లా ఉన్నాయి.

"ఇవేంటి?" అన్నాను.

"ఒక పీపాలోని సరుకు. ఇనుము. ఆరు వందల ఏళ్ల కిందట బాల్టిక్ సముద్రంలో మునిగిన ఓడలోది" అంది.

అప్పటిదాకా ఓడల గురించి నాకు తెలిసింది మా కాకినాడ రేవులో చూసినంతే. ఆవిడ చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాను. స్వీడన్ గనుల దగ్గర ఇనుమును పిడికిలంత ముక్కలుగా, ఇంచుమించు ఒకే తూకంలో తయారుచేసి పీపాల్లో నింపేవాళ్లట. ఆ పీపాలు ఓడలెక్కి దక్షిణం ఒడ్డున ఉన్న రేవులకు చేరేవి. అక్కడి కమ్మరులు వాటితోనే మేకులు, గొడ్డళ్లు, నాగళ్లు చేసుకునేవాళ్లు. అదే ఓడలో తారు పీపాలు, పిండి పీపాలు, ఎండుచేపలు. ఒక వర్తకుడు తన సరుకంతా ఒకే ఓడలో పెట్టేవాడు కాదట, నాలుగైదు ఓడల్లో తలా కొంత పెట్టేవాడు. ఎవరి పీపా మీద వాళ్ల గుర్తు. మునిగిన ఈ పీపా చెక్క కుళ్లిపోయింది, ఇనుము తుప్పుపట్టి ఇసుకతో కలిసి ఒకే బండ అయిపోయింది. పైకి తీసేటప్పుడు అది ఆరు ముక్కలైతే, పైనుంచి కిందికి ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేశారు.

"రేవులో ప్రమాణం చేసిన తనిఖీదారు ఒకడు ఉండేవాడు. పీపా మూత తీసి చూసి, బాగుంటే కాల్చిన ముద్ర వేసేవాడు. ఆ ముద్ర ఉంటే చాలు, ఏ రేవులోనూ మళ్లీ తెరిచేవాళ్లు కాదు. నమ్మకం మీద నడిచిన వ్యాపారం అని మేము పుస్తకాల్లో రాస్తుంటాం. ఆ తనిఖీదారు ఎంత లోతుకు చూశాడో నాకు తెలియాలి" అంది.

టెక్నీషియన్ ఫక్కున నవ్వాడు. "పై వరస ఒక్కటే చూసి ఉంటాడు."

"మా ఊళ్లో మామిడిపళ్ల బుట్ట కూడా అంతే" అన్నాను నేను.

ఆవిడ నవ్వలేదు. "ఊహిస్తే సరిపోదు. చూపించాలి" అంది. ఆ ముద్దలు బాల్టిక్ ఒడ్డున ఉన్న ఒక మ్యూజియం నుంచి అరువు. రెండేళ్లు ఉత్తరాలు రాస్తే ఇచ్చారట. సంతకం ఆవిడ పేరు మీద. పగలగొట్టకూడదు, కోయకూడదు. ఏదైనా తేడా వస్తే ఉత్తర ఐరోపాలో ఏ మ్యూజియమూ ఇంకెప్పుడూ తనకు ఒక మేకు కూడా ఇవ్వదని, పెట్టె నా చేతికిస్తూ రెండుసార్లు చెప్పింది. నేను రెండుసార్లూ తలూపాను.

గురువారం స్కాన్ చేశాం. ఒకటి, రెండు ముద్దల్లో ముక్కలు ముచ్చటగా ఉన్నాయి. గట్టిగా, ఒకే సైజులో, వరసగా. ఐదు, ఆరు కూడా అంతే. మూడోది అంతంతమాత్రం. నాలుగో ముద్ద తెర మీదికి రాగానే నేను కుర్చీలోంచి లేచాను. ముక్కలు చిన్నవి, సగానికి సగం బోలు, లోపలంతా చిట్టెం, అంటే ఇనుము కరిగించేటప్పుడు మిగిలే మడ్డి. పీపా పైన మంచి ఇనుము, అడుగున మంచి ఇనుము. పైనుంచి తెరిచినా, అనుమానం వచ్చి బోర్లించినా దొరకకుండా నడుమ చెత్త నింపాడు మహానుభావుడు.

"దొంగ! దొరికాడు దొంగ!" అని తెలుగులోనే అరిచాను. టెక్నీషియన్ పరుగెత్తుకొచ్చి చూసి ఈల వేశాడు. వెంటనే ప్రొఫెసరమ్మకు ఫోన్ చేశాను. ఆవిడ ముద్ద నంబరు మళ్లీ చెప్పమంది. నాలుగో ముద్ద నుంచి చిటికెడు చిట్టెం తీయడానికి మ్యూజియం అనుమతి అడుగుతానని, చిట్టాన్ని పరీక్షిస్తే అది ఏ గని ఇనుమో తేలుతుందని, మోసం గని దగ్గర జరిగిందా రేవులో జరిగిందా అన్నది అప్పుడు తెలుస్తుందని గబగబా చెప్పింది. "రేపు మధ్యాహ్నం వస్తాను. నాలుగోదాన్ని జాగ్రత్తగా చూసుకోండి."

చూసుకున్నాను. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, ఆవిడ మాటలకు ఊకొడుతూ, యంత్రంలోంచి నాలుగో ముద్ద తీశాను. లోపల అంత పెద్ద లోపం చూసిన చెయ్యి ఊరుకుంటుందా? ఎర్ర ట్యాగ్ కట్టింది. పొడి అక్షరాలు రాసింది. ఎడమవైపు అరలో పెట్టింది. ఇదంతా నాకు గుర్తులేదు, చెయ్యే చేసింది అంటున్నాను కదా, అది కూడా తప్పించుకునే మాటే. చెయ్యి నాదే.

శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. ముద్దలు ఒక్కొక్కటే పెట్టెలో సర్దుకుంది. ఐదు. నేను ఎడమవైపు అర చూశాను, ఖాళీ. కిటికీలోంచి చూస్తే లారీ వచ్చి వెళ్లిన చక్రాల గుర్తులు మంచులో ఉన్నాయి.

సంగతి తెలిసి వచ్చిన మేనేజర్ టెక్నీషియన్ను పిలిచాడు. "బిన్‌లోకి ఎలా వెళ్లింది?"

"ఎర్ర ట్యాగ్ ఉన్నవే వేస్తాను" అన్నాడు ఆయన.

"దీనికి ట్యాగ్ ఎవరు కట్టారు?"

ఆయన నేల చూశాడు. ఒక్కసారి తలెత్తి నా వైపు చూశాడు. మళ్లీ నేల చూశాడు. "గుర్తులేదు" అన్నాడు.

ఆ గదిలో నలుగురం ఉన్నాం. నేను నోరు మెదపలేదు. నాకు యాభై ఆరేళ్లు, అమ్మాయి కాలేజీలో రెండో ఏడు, ఎక్కడో ఒక డ్రాయర్లో లిస్ట్. మ్యూజియం వస్తువును తుక్కులో వేసిన ఇన్‌స్పెక్టర్‌ను ఎవరు ఉంచుకుంటారు? ఇలా ఆలోచించాననుకుంటున్నారేమో, అప్పుడు ఏమీ ఆలోచించలేదు. భయపడ్డానంతే. ఈ కారణాలన్నీ కారులో ఇంటికి వెళ్తూ పోగేసుకున్నవి. ప్రొఫెసరమ్మ కోటు కూడా విప్పకుండా కూర్చుని, ఒడిలో పెట్టె పెట్టుకుని, ఖాళీ గుంటలో వేలు పెట్టి చూస్తోంది. మేనేజర్ తుక్కు యార్డుకు ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు పలికింది. మంచు వల్ల సోమవారం దాకా మూసి ఉంటుందట.

ఆ శని, ఆదివారాలు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. మంచు తీయడానికి పార పట్టుకుని బయటికి వెళ్లడం, లోపలికి రావడం, మళ్లీ వెళ్లడం. ఆదివారం పక్క ఊరు కాంటన్‌లో ఒక స్నేహితుడింట్లో సత్యనారాయణ వ్రతం. ప్రసాదం చేతిలో పెట్టుకుని ఒక అబ్బాయి నా పక్కన చేరాడు. "అంకుల్, మీ దగ్గర లిస్ట్ అవుట్ అయిందా? మా టీమ్‌లో హాఫ్ లేపేశారు. నాది హెచ్‌వన్ వీసా, ప్రాజెక్ట్ పోతే ఇల్లు ఖాళీ చేసి పోవుడే." వాడికి ధైర్యం చెప్పాల్సిన వయసు నాది. చెయ్యి కడుక్కొస్తానని చెప్పి పక్కకి తప్పుకున్నాను.

తిరిగి వస్తుంటే కారులో మా ఆవిడ అడిగింది. "ఏమైందండీ మీకు? నిన్నటి నుంచి మూడుసార్లు డ్రైవ్‌వే క్లీన్ చేశారు. మంచు ఒక్కసారే పడింది."

చెప్పాను.

"మన గరాజ్ డోర్ బాగుచేసింది ఆయనే కదూ?"

"ఆయనే."

"మరి ఇప్పుడే మీ మేనేజర్‌కి ఫోన్ చేసి చెప్పెయ్యొచ్చు కదా?"

"ఫోన్‌లో బాగుండదు. రేపు వెళ్లి చెప్తాను."

"బాగుండటం కోసం ఆగుతున్నారా?" అంది. ఇల్లు చేరాక కూడా నేను ఫోన్ తీయలేదు.

సోమవారం మేనేజర్ కంటే ముందే వెళ్లి ఆయన తలుపు దగ్గర నిలబడ్డాను. ట్యాగ్ కట్టింది నేనేనని చెప్పాను. ఆయన డ్రాయర్ సగం తెరిచి, నా మొహం చూసి, మూసేశాడు. "రాసివ్వు" అన్నాడు. రాసిచ్చాను. తర్వాత టెక్నీషియన్ దగ్గరికి వెళ్లి అదే మాట చెప్పబోతే, ఆయన అప్పటికే కోటు తొడుక్కుంటున్నాడు. "యార్డు తెరిచే టైమైంది. పద" అన్నాడు.

ప్రొఫెసరమ్మ కూడా పొద్దున్నే వచ్చేసింది, ఆయన పికప్ ట్రక్కులో ముగ్గురం ఇరుక్కుని వెళ్లాం. నేను మధ్యలో, నాకు కుడివైపు ఆవిడ. దారి పొడవునా ఆవిడ కిటికీలోంచి మంచునే చూస్తూ కూర్చుంది. నేను మాట్లాడాలని మూడుసార్లు గొంతు సవరించుకున్నాను.

యార్డు మనిషి చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. "మీ అదృష్టం. ప్లాంట్లు మూసేశారు కదా, రెండు వారాలుగా ఫౌండ్రీ కొనడం లేదు. ఏదీ కదల్లేదు. మామూలు రోజులైతే శుక్రవారం రాత్రికే కరిగిపోయేది" అన్నాడు. ఆ చలికాలాన్ని మిషిగన్ అంతా తిట్టుకుంటుంటే నేనొక్కణ్ణే దానికి దండం పెట్టుకున్నాను.

కానీ ఇంటి ఎత్తు గుట్టలు, వాటి మీద మంచు. ప్రొఫెసరమ్మా నేనూ గబగబా ఇనుప గుట్ట మీద పడి చేతులతో తోడటం మొదలుపెట్టాం. టెక్నీషియన్ మాత్రం కదల్లేదు. యార్డు మధ్యలో ఉన్న క్రేన్‌ను, దానికి వేలాడే పెద్ద అయస్కాంతాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"అక్కడ ఉండదు. ఆ ఇనుమంతా అయస్కాంతం ఎత్తి వేసింది. మనది ఇనుముగా ఎక్కడుంది? మొత్తం తుప్పే కదా. అయస్కాంతం వదిలేసిన చెత్త ఎక్కడ పోస్తారు?" అని యార్డు మనిషిని అడిగాడు.

కంచె పక్కన, మట్టీ రబ్బరూ కలిసిన చిన్న గుట్ట. ఐదు నిమిషాల్లో మంచులోంచి ఎర్రటి ట్యాగ్ బయటపడింది. నా అక్షరాలు చెక్కుచెదరలేదు. ముద్ద మాత్రం రెండు ముక్కలైంది.

ప్రొఫెసరమ్మ మంచులో మోకాళ్ల మీద కూర్చుని గ్లవ్స్ తీసేసింది. విరిగిన చోట వేలితో తడిమింది. బూడిదరంగు చిట్టెం, గాజు ముక్కలా మెరుస్తోంది. ఏడుస్తూనే జేబులోంచి భూతద్దం తీసింది. నేను సారీ అన్నాను. ఇంకా ఏదేదో అన్నాను, ఏమన్నానో నాకే తెలియదు. ఆవిడ భూతద్దం దించకుండా, "ఆ రేవులో కూర్చున్నవాడు చేయాల్సిన పని మీరు చేశారు. ఆరు వందల ఏళ్లు ఆలస్యంగా. అదీ నా సంతకం మీద" అంది. అందులో మెచ్చుకోలు ఎంతో, కోపం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ట్యాగ్ విప్పబోతే మాత్రం నా చెయ్యి తోసేసి, "అలాగే ఉండనివ్వండి" అంది.

మ్యూజియంవాళ్లు ఆవిడ మీద మండిపడ్డారు. మూడేళ్లపాటు ఎవరూ ఏదీ అరువివ్వలేదని తర్వాత విన్నాను. ఎటూ విరిగింది కాబట్టి చిట్టెం పరీక్షకు మాత్రం ఒప్పుకున్నారు. అది మిగతా ముద్దల చిట్టెంతో కలవలేదు, వేరే గనిది. అంటే ఇనుము గని దాటాక, పీపా నింపినచోట ఎవరో కలిపారు. ముద్ర వేసినవాడికి తెలుసో తెలియదో ఏ చిట్టెమూ చెప్పదు.

బుధవారం లిస్ట్ బయటికొచ్చింది. అందులో టెక్నీషియన్ పేరు ఉంది, నాది లేదు.

మేనేజర్ గదికి ఎలా వెళ్లానో తెలియదు. "తప్పు నాదని రాసిచ్చాను కదా!" అని గట్టిగానే అరిచాను.

"లిస్ట్ పోయిన వారం మంగళవారమే అయిపోయింది. దీనికీ దానికీ సంబంధం లేదు" అన్నాడు ఆయన, కంప్యూటర్ వైపు చూస్తూ. ఆ తర్వాత రెండుసార్లు, వేర్వేరు సంవత్సరాల్లో, అదే అడిగాను. అదే జవాబు. నిజమే కావచ్చు. అయితే సోమవారం పొద్దున ఆ డ్రాయర్ ఎందుకు సగం తెరిచి మూశాడు? దీని గురించి నేను ఆలోచించినంతగా ఏ పోత భాగం గురించీ ఆలోచించలేదు.

టెక్నీషియన్ తన కప్పు, గ్లవ్స్, ఒక రెంచి అట్టపెట్టెలో వేసుకున్నాడు. నా చెయ్యి పట్టుకుని ఊపి, "నాలుగో నంబరును కనిపెట్టింది నేనేనని మా ఊళ్లో చెప్పుకుంటాను" అన్నాడు. వాళ్ల గనుల ఊరికి వెళ్లిపోయాడు. నేను ఏటా క్రిస్మస్‌కు కార్డు పంపాను. ఫోన్ చేయడానికి ముఖం చెల్లలేదు.

2013లో రిటైరయ్యాను. మరుసటి ఏడు ప్రొఫెసరమ్మ నుంచి ఒక ఫోటో వచ్చింది. ముద్దలు అరువిచ్చిన ఆ మ్యూజియంలో అద్దాల బీరువా. అందులో ఆరు ముద్దలు పీపాలో ఉన్న వరసలోనే ఉన్నాయి. నాలుగోది రెండు ముక్కలుగా. దాని పక్కన నా ఎర్ర ట్యాగ్. కింద చీటీ: "పీపా నడిమి భాగం. నాసిరకం ఇనుము. తనిఖీలో తిరస్కరించబడింది, మిషిగన్." ఫోటో పెద్దదిగా ప్రింట్ చేయించి, కారెక్కి, వంతెన దాటి, రోజంతా డ్రైవ్ చేసి ఆయన ఊరు వెళ్లాను.

వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. ఫోటో చూసి కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వాడు. ఆ నవ్వు ఆగాక, ఐదేళ్లుగా లోపల తిరుగుతున్న మాట బయటపెట్టాను. శుక్రవారమే నాకు తెలుసునని, నీ మీదికి వస్తుంటే చూస్తూ ఊరుకున్నానని.

"తెలుసు" అన్నాడు ఆయన. "ట్యాగ్ మీద నీ అక్షరాలు చదివే బిన్‌లో వేశాను. నువ్వు పనికిరాదని పక్కన పెట్టేస్తే దాంట్లో చూడటానికి ఇంకేం ఉంటుంది? నీ ట్యాగ్‌ను నేనెప్పుడూ రెండోసారి చూడలేదు."

"మరి మేనేజర్ అడిగితే గుర్తులేదని ఎందుకన్నావు?"

ఆయన ఫోటో తిప్పి బల్ల మీద పెట్టాడు. "నువ్వు అక్కడే నిలబడి ఉన్నావు కదా. నువ్వే చెప్తావనుకున్నాను."

కోపం ఉంటే భరించేవాణ్ణి. ఆయన గొంతులో అది లేదు. కప్పు ఖాళీ అయిందేమోనని వంగి చూశాడు.

"సాయంత్రం ఐదింటిదాకా ఆగాను ఆ రోజు, పార్కింగ్ లాట్‌లో" అన్నాడు. "నువ్వు వేరే తలుపు నుంచి వెళ్లిపోయావు."